ఆస్కార్‌కి ముందు పాతికేళ్లు: గ్లెన్ హాన్సర్డ్ వీధి పాట

2008 ఫిబ్రవరి 24 రాత్రి, లాస్ ఏంజెలెస్‌లోని కొడాక్ థియేటర్. ఉత్తమ ఒరిజినల్ సాంగ్ అవార్డు అందుకోవడానికి ఇద్దరు స్టేజీ ఎక్కారు. ఒకరు ముప్పై ఏడేళ్ల ఐరిష్ గాయకుడు గ్లెన్ హాన్సర్డ్. రెండోవారు ఇరవయ్యో పుట్టినరోజుకి ఇంకా నాలుగు రోజులున్న చెక్ అమ్మాయి మార్కేటా ఇర్గ్లోవా. హాన్సర్డ్ గుక్క తిప్పుకోకుండా నాలుగు మాటలు చెప్పి పక్కకు తప్పుకున్నాడు. మార్కేటా మైక్ దగ్గరకు వచ్చిందో లేదో, టైమ్ అయిపోయిందని ఆర్కెస్ట్రా వాయించేసింది. యాడ్ బ్రేక్ తర్వాత హోస్ట్ జాన్ స్టీవర్ట్ ఆమెను తిరిగి పిలిచి మాట్లాడనిచ్చాడు. ఆ వేదిక మీద ఇలాంటి రెండో అవకాశం దొరకడం చాలా అరుదు.

ఈ అవార్డు తెలుగువాళ్లకు కొత్తది కాదు. మరుసటి ఏడాది 'జై హో', 2023లో 'నాటు నాటు' గెలిచింది ఈ విభాగంలోనే. 'నాటు నాటు' వెనక వందల కోట్ల సినిమా ఉంది, నెలల తరబడి సాగిన ప్రచారం ఉంది. హాన్సర్డ్ పాట 'ఫాలింగ్ స్లోలీ' వచ్చిన 'వన్స్' సినిమా లెక్క వేరు. మూడు వారాల్లో, రెండు చేతి కెమెరాలతో, లక్ష యూరోల ఖర్చుతో తీశామని అతను ఆ స్టేజీ మీదే చెప్పాడు. దాంతో మర్నాటి నుంచి పత్రికలకు ఒక కథ దొరికింది: వీధిలో పాడుకునే మనిషి రాత్రికి రాత్రి అందలం ఎక్కాడు.

వినడానికి బాగుంటుంది గానీ ఈ కథ హాన్సర్డ్ గురించి పెద్దగా ఏమీ చెప్పదు. అప్పటికి అతను పాటను నమ్ముకుని పాతికేళ్లయింది. ఐర్లాండ్‌లో అతని బ్యాండ్ ఆల్బమ్‌లు నంబర్ వన్‌కి చేరాయి. వీధి అతని బయోగ్రఫీలో మొదటి పేజీ మాత్రమే అనుకుంటే పొరపాటు. అతని గొంతు, పాట కట్టే తీరు, కంపెనీలతో గొడవలు, ఆల్బమ్‌లలో కనిపించే లోపాలు, చివరికి రాజకీయాలు కూడా ఆ వీధి నుంచే వచ్చాయి.

డబ్లిన్‌కి ఉత్తరాన ఉండే బాలిమన్‌లో హాన్సర్డ్ పెరిగాడు. నగరంలో ఇళ్ల కొరత తీర్చడానికి 1960లలో ప్రభుత్వం అక్కడ పెద్ద అపార్ట్‌మెంట్ కాలనీ కట్టింది. పదిహేనేసి అంతస్తుల టవర్లు ఏడు. 1916 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసిన ఏడుగురి పేర్లు వాటికి పెట్టారు. పేర్లు ఘనంగానే ఉన్నాయి, లోపల బతుకులే అంతంతమాత్రం. 1980లు వచ్చేసరికి నిరుద్యోగం, హెరాయిన్ ఆ కాలనీని పట్టి పీడించాయి. ఆ టవర్లు ఇప్పుడు లేవు, ఒక్కొక్కటిగా కూల్చేశారు.

హాన్సర్డ్ పుట్టింది 1970 ఏప్రిల్‌లో. పదమూడేళ్లకే చదువు మానేశాడు. పాఠాలు తలకెక్కవు గానీ బాబ్ డిలన్ పాటలు మాత్రం కంఠతా వచ్చు. ఇది గమనించిన స్కూల్ హెడ్‌మాస్టరే, గిటార్ పట్టుకుని గ్రాఫ్టన్ స్ట్రీట్‌కి వెళ్లి పాడుకోమని పంపాడని హాన్సర్డ్ ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పాడు. పిల్లవాణ్ని బడి మాన్పించే హెడ్‌మాస్టర్‌ని మెచ్చుకోవాలా తిట్టాలా అన్నది పక్కన పెడితే, పాటల మట్టుకు ఆ సలహా వృథా పోలేదు.

గ్రాఫ్టన్ స్ట్రీట్ అంటే ట్రినిటీ కాలేజీ వైపు నుంచి సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కు దాకా సాగే షాపింగ్ వీధి. డబ్లిన్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు బాగా తెలిసినదే. వాహనాలు ఆపేసి ఆ వీధిని నడిచేవాళ్లకు వదిలేసింది 1980ల మొదట్లో, అంటే హాన్సర్డ్ గిటార్ భుజాన వేసుకుని వచ్చిన రోజులవి. నడిచే జనం, రెండు పక్కలా గోడలు, మధ్యలో ప్రతిధ్వనించే గొంతు. అక్కడ పాడటాన్ని బస్కింగ్ అంటారు. మన రైలు పెట్టెల్లో పాడి చెయ్యి చాపేవాళ్లను చూసినట్టు వాళ్లను ఎవరూ చూడరు. డబ్లిన్‌లో అది దాదాపు ఒక అప్రెంటిస్‌షిప్. ఇప్పుడైతే నగర కార్పొరేషన్ పర్మిట్ కూడా తీసుకోవాలి.

వీధిలో పాడేవాడి కష్టం స్టేజీ మీద పాడేవాడికి అర్థం కాదు. హాల్‌లో కూర్చున్నవాళ్లు టికెట్ కొన్నారు కాబట్టి మొదటి పాట బాగోకపోయినా లేచి పోరు. వీధిలో ప్రతి మనిషీ ఎక్కడికో వెళ్తూ ఉంటాడు. అతను నీ ముందు నుంచి దాటిపోవడానికి పట్టే పది అడుగుల్లోనే నువ్వు అతన్ని ఆపాలి. ఆగినవాణ్ని పాట అయ్యేదాకా నిలబెట్టాలి. అయ్యాక జేబులో చెయ్యి పెట్టించాలి. మైక్ లేదు. వాన వస్తుంది. పక్క సందులో ఇంకొకడు ఇంకా గట్టిగా పాడుతుంటాడు. ఇందులో ఏళ్ల తరబడి నలిగిన గొంతుకి కొన్ని అలవాట్లు వస్తాయి, అవి తర్వాత ఎన్ని స్టూడియోలు మారినా పోవు.

హాన్సర్డ్ పాటల్లో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో నడుస్తాయి. గుసగుసలా మొదలవుతాయి, ఎదురుగా ఒక్కరే ఉన్నారన్నట్టు. రెండో చరణంలో గిటార్ బిగుస్తుంది. చివరికి వచ్చేసరికి నరాలు తేలేలా గొంతెత్తి అరుస్తాడు. చాలామంది దీన్ని ఆవేశం అనుకుంటారు. ఆవేశం ఉన్న మాట నిజమే, కానీ దాని వెనక వీధి లెక్క కూడా ఉంది. గుసగుస దగ్గర నిలబడ్డవాళ్ల కోసం, కేక వీధి చివర ఉన్నవాళ్ల కోసం. దగ్గరివాళ్లు ఇంకాస్త ముందుకు జరుగుతారు, దూరంవాళ్లు ఏమైందా అని వస్తారు. రెండూ ఒకే పాటలో ఉంటేనే గుంపు గట్టిపడుతుంది.

అతని టాకమైన్ గిటార్ చూసినా ఇది తెలుస్తుంది. తీగల కింద చెక్క మీద, మామూలు రంధ్రం పక్కనే, తీగలు మీటే ప్లెక్ట్రమ్ రాసుకుని రాసుకుని ఇంకో పెద్ద కన్నం పడింది. ఫ్యాషన్ కోసం చేయించుకున్నది కాదు. ఒంటరి గిటార్‌ని డ్రమ్‌లా కూడా వాడుకోవలసి వచ్చినవాడి గిటార్ అలాగే ఉంటుంది.

ఇరవై ఏళ్లకి హాన్సర్డ్‌కి ఒక సినిమా వేషం వచ్చింది. 1991లో విడుదలైన 'ద కమిట్‌మెంట్స్'లో గిటారిస్టు అవుట్‌స్పాన్ ఫాస్టర్ పాత్ర. దర్శకుడు ఆలన్ పార్కర్, మూలం రోడీ డోయల్ నవల. సినిమా పెద్ద హిట్. నటుడిగా స్థిరపడే దారి కళ్ల ముందే ఉంది. హాన్సర్డ్ అటు పోలేదు, పైగా ఆ సినిమా తన సంగీతానికి అడ్డంకి అయిందని తర్వాత కాలంలో అన్నాడు. ఐర్లాండ్‌లో చాలా ఏళ్లు జనం అతన్ని చూసి మొదట గుర్తు చేసుకున్నది ఆ ఎర్ర జుట్టు కుర్రాణ్నే.

అప్పటికే, 1990లో, అతను ది ఫ్రేమ్స్ అనే బ్యాండ్ పెట్టాడు. గిటార్ రాక్ బ్యాండే గానీ లీడ్ గిటార్ చెయ్యాల్సిన పని చాలాచోట్ల వయొలిన్ చేసేది. ఆ వయొలిన్ వాయించే కోల్మ్ మాక్ కాన్ ఐమిరె ఐరిష్ సంప్రదాయ సంగీతంలో మునిగి వచ్చినవాడు. హాన్సర్డ్ కేకకు ఒక పక్క ఆ వయొలిన్ ఆసరా లేకపోతే ఫ్రేమ్స్ పాటలు ఆ కాలపు మామూలు రాక్ పాటల్లో కలిసిపోయేవేమో. మొదటి రోజుల్లో బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన కుర్రాడి పేరు జాన్ కార్నీ. కొన్నేళ్లకు అతను సినిమాలు తీస్తానంటూ బ్యాండ్ వదిలి వెళ్లాడు. ఈ పేరు మళ్లీ వస్తుంది.

రికార్డు కంపెనీలతో ఫ్రేమ్స్ కథ తొంభైలలో చాలా బ్యాండ్‌ల కథే. ఐలాండ్ కంపెనీ తీసుకుంది, ఒక ఆల్బమ్ వేసింది, వదిలేసింది. తర్వాత బ్రిటిష్ నిర్మాత ట్రెవర్ హార్న్ స్థాపకుల్లో ఒకడైన జెడ్‌టీటీ అనే ఇంకో కంపెనీ. 'ఫిట్జ్‌కరాల్డో', 'డాన్స్ ద డెవిల్' ఆల్బమ్‌లు ఆ లేబుల్ మీదే వచ్చాయి. రేడియోకి సరిపోయే సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) కోసం కంపెనీ ఎదురుచూపు, ఫ్రేమ్స్ పాటల్లో అది దొరక్కపోవడం. మొదటి నిమిషం గుసగుసగా నడిచే పాటను రేడియోలో వేస్తే శ్రోత స్టేషన్ మారుస్తాడు. వీధిలో మనిషిని ఆపే కిటుకు రేడియోలో పనికి రాదు. ఈ తేడాను కంపెనీలూ పట్టుకోలేదు, హాన్సర్డ్ కూడా వదులుకోలేదు.

2001లో కంపెనీల గొడవ వదిలేసి సొంతంగా వేసుకున్న 'ఫర్ ద బర్డ్స్'తో బ్యాండ్ గాలి పీల్చుకుంది. రికార్డింగ్‌లో కొంత షికాగోలో సౌండ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ దగ్గర జరిగింది. గదిలో వాయించింది వాయించినట్టు టేపు మీదకు ఎక్కించడం, మెరుగులు దిద్దకపోవడం ఆల్బినీ పద్ధతి. హాన్సర్డ్‌కి కావలసింది సరిగ్గా అదే. ఈ ఆల్బమ్‌లో పాటలు మెల్లగా, తొందర లేకుండా నడుస్తాయి, కేక కూడా తక్కువ. ఇండీ ఫోక్ (పెద్ద కంపెనీల బయట చేసే జానపద ఛాయల పాట) అని ఇప్పుడు అతనికి తగిలించే పేరుకి మొదటి ఆనవాలు ఇక్కడే వినిపిస్తుంది.

అయినా ఐర్లాండ్ జనం గుండెకు హత్తుకున్న రికార్డు ఇది కాదు. 2003లో వచ్చిన 'సెట్ లిస్ట్' అనే లైవ్ ఆల్బమ్. డబ్లిన్‌లోని వికార్ స్ట్రీట్ హాల్‌లో రికార్డ్ చేసిన కచేరీ అది, ఐరిష్ చార్టులో నంబర్ వన్‌కి వెళ్లింది. పాటకీ పాటకీ మధ్య హాన్సర్డ్ చెప్పే కథలు, పాట మధ్యలో ఇంకొకరి పాట ముక్క చేర్చడం, జనం గొంతు కలపడం అన్నీ అందులో ఉన్నాయి. స్టూడియో ఆల్బమ్‌లు చేయలేనిది ఒక్క కచేరీ రికార్డింగ్ చేసింది. అతని బలం పాటలో సగమే ఉంది, మిగతా సగం ఎదురుగా నిలబడ్డ జనంలో ఉంది. మరుసటి ఏడాది స్టూడియో ఆల్బమ్ 'బర్న్ ద మ్యాప్స్' కూడా నంబర్ వన్ అయింది. అప్పట్లో ఆ దేశ జనాభా మొత్తం 40 లక్షలు. ఊరూరా తిరిగి కచేరీలు చేస్తే దేశమంతటికీ తెలిసిపోవచ్చు, కానీ దేశం దాటితే ఎవరికీ తెలియదు. ఫ్రేమ్స్ ఆ గీత దగ్గర ఆగిపోయారు.

దాటించింది చెక్ దేశం. ఫ్రేమ్స్‌కి అక్కడ కూడా అభిమానులుండేవారు. వలాష్‌స్కే మెజిర్జీచీ అనే ఊళ్లో కచేరీలు ఏర్పాటు చేసే ఒక కుటుంబంతో హాన్సర్డ్‌కి స్నేహం కుదిరింది. ఆ ఇంటి అమ్మాయి పియానో వాయించేది, ఆమే మార్కేటా. ఇద్దరూ కలిసి 2006లో 'ది స్వెల్ సీజన్' పేరుతో ఒక ఆల్బమ్ చేశారు. చెక్ రచయిత యోసెఫ్ ష్క్వొరెత్స్కీ పుస్తకం పేరది. డ్రమ్స్ లేవు, ఎలక్ట్రిక్ గిటార్ లేదు. గిటార్, పియానో, వయొలిన్, చెల్లో, రెండు గొంతులు. హాన్సర్డ్ ఎప్పటిలాగే ఎగిసిపడబోతుంటే మార్కేటా గొంతు పక్కనే మెల్లగా నడుస్తుంది, చెయ్యి పట్టి ఆపినట్టు. ఈ ఆల్బమ్ గొప్పతనం అంతా ఆ చెయ్యిలోనే ఉంది.

ఆ సమయంలోనే పాత బేస్ గిటారిస్టు జాన్ కార్నీ ఒక స్క్రిప్టుతో తిరుగుతున్నాడు. డబ్లిన్ వీధిలో పాడే ఒక మనిషి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన ఒక అమ్మాయి, వారం రోజుల కథ. పాటలు రాసిపెట్టమని హాన్సర్డ్‌ని అడిగాడు, అంతే. హీరోగా అనుకున్నది నటుడు కిలియన్ మర్ఫీని. అతను తప్పుకున్నాక డబ్బు పెట్టేవాళ్లలో కొందరు కూడా జారుకున్నారు. చివరికి రాసినవాడే పాడాలి, పాడేవాడే నటించాలి అన్న చోటికి వచ్చింది వ్యవహారం. అమ్మాయి వేషం మార్కేటా వేసింది. ఐరిష్ ఫిల్మ్ బోర్డు ఇచ్చిన లక్ష యూరోల పైచిలుకు సొమ్ముతో, 2006 జనవరిలో, పదిహేడు రోజుల్లో షూటింగ్ ముగించారు. గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో కెమెరాను దూరంగా పెట్టి తీశారు. ఫ్రేమ్‌లో నడిచి వెళ్లేవాళ్లలో చాలామందికి సినిమా తీస్తున్నారని తెలియదు. ఎదురుగా నిలబడి పాడుతున్నవాణ్ని నిజమైన బస్కర్ అనుకునే దాటిపోయారు. అనుకోవడంలో తప్పేముంది!

సినిమా మొదట్లో ఒక చిన్న సంభాషణ ఉంది, హాన్సర్డ్ జీవితం మొత్తానికి అది తాళంచెవి. రాత్రిపూట ఖాళీ వీధిలో సొంత పాట పాడుతున్న అతన్ని ఆ అమ్మాయి అడుగుతుంది, ఇది పగలు ఎందుకు పాడవని. పగలు జనం తమకు తెలిసిన పాటలే వింటారు, లేకపోతే డబ్బులు రావు అంటాడు. తెలిసిన పాటలతో కడుపు నింపుకుని సొంత పాటను చీకటికి దాచుకోవడం ఏ వీధి గాయకుడికైనా తప్పదు. ఆ రాత్రి అతను గొంతు చించుకుని పాడిన 'సే ఇట్ టు మీ నౌ' సినిమా కోసం రాసింది కాదు. 1995 నాటి 'ఫిట్జ్‌కరాల్డో' ఆల్బమ్‌లోనిది. కంపెనీలు అమ్మలేకపోయిన పాట పన్నెండేళ్ల తర్వాత, అది ఎక్కడి కోసం పుట్టిందో ఆ వీధిలో నిలబడి పాడగానే, ప్రపంచానికి వినిపించింది.

ఆస్కార్ తెచ్చిన 'ఫాలింగ్ స్లోలీ' మొదట వినిపించేది జార్జెస్ స్ట్రీట్‌లోని వాల్టన్స్ సంగీత వాద్యాల షాపులో. అక్కడి పియానో మీద వాయించుకోవడానికి మధ్యాహ్నం పూట ఆ అమ్మాయికి షాపువాళ్లు అనుమతి ఇస్తారు. అతను గిటార్ మీద కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) చూపిస్తాడు, ఆమె పట్టుకుంటుంది, చరణం దగ్గర సందేహిస్తూ గొంతు కలుపుతుంది. పాట కట్టడం చాలా సాదా. రెండు కార్డ్స్ మధ్య ఊగుతూ మొదలవుతుంది, నెల రోజులు గిటార్ నేర్చుకున్నవాళ్లు కూడా వాయించగలరు. బలమంతా రెండు గొంతుల ఎడంలో ఉంది. ఒకరికొకరు తెలియని ఇద్దరు మనుషులు పాట నడుస్తుండగా దగ్గరవడం చెవికి తెలుస్తుంది. వాళ్లిద్దరి మధ్య సినిమాలో ముద్దు కూడా లేదు, ఆ పాటే ఉంది.

సాహిత్యం గురించి మాత్రం అంత మెచ్చుకోలేం. మునిగిపోతున్న పడవను ఒడ్డుకు తిప్పమనడం కొత్త ఊహేమీ కాదు. హాన్సర్డ్ మాటల్లో 'నువ్వు', 'నేను', 'అబద్ధం', 'ఇక చాలు' తరచూ తిరుగుతుంటాయి. ఎవరు ఎవరికి ఏం చేశారో తేలదు. అతను ఆరాధించే డిలన్, లెనార్డ్ కోహెన్‌లతో పోలిస్తే అది లోపమే. కాకపోతే వీధిలో నడిచిపోయేవాడికి వివరాలు అందవు. పాట సగంలో వచ్చి చేరినవాడు కూడా తన గొడవే అనుకునేలా మాట ఖాళీగా ఉండాలి.

అదే సినిమాలో స్టూడియో సీన్ ఒకటి ఉంది. వీధి నుంచి వచ్చిన గుంపును చూసి విసుగ్గా కూర్చున్న సౌండ్ ఇంజనీర్, పాట ముదిరే కొద్దీ కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. ఆ పాట 'వెన్ యువర్ మైండ్స్ మేడ్ అప్' ఐదు లెక్కల తాళంలో నడుస్తుంది. ఖండ చాపు వేళ్ల మీద వేయడం వచ్చినవాళ్లు వెంటనే పట్టుకుంటారు. నాలుగు లెక్కలకు అలవాటుపడ్డ చెవికి ప్రతి ఆవర్తనంలోనూ ఒక దెబ్బ ఎక్కువైనట్టుంటుంది, ఆ ఇబ్బందే పాటను ముందుకు నెడుతుంది. పైకి సాదాగా కనిపించినా హాన్సర్డ్‌కి లెక్క తెలుసు.

2007 జనవరిలో సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో 'వన్స్' ప్రేక్షకుల అవార్డు గెలిచింది. అమెరికాలోనే 90 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆస్కార్‌కి మాత్రం ఒక చిక్కు వచ్చి పడింది. 'ఫాలింగ్ స్లోలీ' సినిమా విడుదలకు ముందే స్వెల్ సీజన్ ఆల్బమ్‌లోనూ, ఫ్రేమ్స్ 'ద కాస్ట్' ఆల్బమ్‌లోనూ, ఒక చెక్ సినిమాలోనూ వినిపించింది. సినిమా కోసమే రాసిన పాటకే కదా ఈ అవార్డు! అకాడమీ పరిశీలించి, పాట పుట్టింది ఈ సినిమా కోసమేనని, నిర్మాణం సాగుతుండగా అది బయట వినిపించింది కొద్దిమందికేనని తేల్చి పోటీలో ఉంచింది. పోటీలో మిగతా నాలుగు పాటల్లో మూడు డిస్నీ 'ఎన్‌చాంటెడ్'వి.

తర్వాత జరిగింది చాలామంది జీవితాల్లో జరిగేదే. తెర మీద కలవని ఇద్దరూ బయట కలిశారు, టూర్లతో అలిసిపోయి విడిపోయారు. 2009లో 'స్ట్రిక్ట్ జాయ్' వచ్చింది, విడిపోయిన జంట కలిసి పాడిన ఆల్బమ్. అదే ఏడాది 'ద సింప్సన్స్' కార్టూన్‌లో డబ్లిన్ వీధి గాయకులుగా ఇద్దరూ కనిపించి పోయారు. జనం అప్పటికీ వాళ్లను సినిమాలోని మనుషులుగానే చూస్తున్నారు.

'వన్స్' సంగీత నాటకంగా మారింది. 2012లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వచ్చి, అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డులు ఎనిమిది గెలిచింది, దాదాపు మూడేళ్లు ఆడింది. రచన ఎండా వాల్ష్. స్టేజీ మీద పబ్ సెట్ వేశారు, ఆట మొదలయ్యే ముందు ప్రేక్షకులు అక్కడికెళ్లి తాగడానికి ఏదైనా కొనుక్కునేవారు. విడిగా ఆర్కెస్ట్రా లేదు, నటులే వాయిద్యాలు పట్టుకున్నారు. రాత్రిపూట ఖాళీ వీధిలో పాడుకున్న పాటను వారానికి ఎనిమిది ఆటలు ఇంకెవరో పాడటం ఆ పాట కట్టినవాడికి ఎలా ఉంటుందో గానీ, జేబుకు మాత్రం తేడా చేసే ఉంటుంది.

సొంత పేరుతో హాన్సర్డ్ ఆల్బమ్‌లు వేసింది ఈ దశలోనే. న్యూయార్క్‌లో నిర్మాత థామస్ బార్ట్‌లెట్‌తో చేసిన 'రిథమ్ అండ్ రిపోజ్' 2012లో వచ్చింది. పాటలు బాగున్నాయి, అన్నీ అదుపులో ఉన్నాయి, ఆ అదుపే కొంచెం ఎక్కువైంది. 2015 నాటి 'డిడ్‌న్ట్ హి రాంబుల్'కి గ్రామీ ఉత్తమ ఫోక్ ఆల్బమ్ నామినేషన్ దక్కింది. 2018లో 'బిట్వీన్ టు షోర్స్'. ఈ మూడూ వరసగా వింటే అనుమానం వస్తుంది, మంచి గాయకుడు తన పద్ధతిలో తానే స్థిరపడిపోయాడా అని. గుసగుస, బిగువు, కేక. తర్వాత ఏం వస్తుందో వినేవాడికి ముందే తెలిసిపోతుంది.

ఆ అనుమానం తీర్చింది 2019 ఆల్బమ్ 'దిస్ వైల్డ్ విల్లింగ్'. ఫ్రాన్స్‌లో, ఫ్రేమ్స్‌లో ఒకప్పుడు గిటార్ వాయించిన డేవిడ్ ఓడ్లమ్‌తో కలిసి చేశాడు. ఇరానీ సంప్రదాయ సంగీతం వాయించే ఖొష్‌రవేష్ సోదరులు, ఎలక్ట్రానిక్ శబ్దాలు, ఫ్రేమ్స్ పాత నేస్తాలు అందరూ ఒకే గదిలో. ఇక్కడ చాలా పాటలు కేక దాకా వెళ్లవు. వెళ్తాయని వినేవాళ్లు ఎదురుచూస్తుండగానే కిందనే ఉండిపోతాయి. గొంతు నోరు దాటకుండా, మాట సగం మింగినట్టు పాడతాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి తన పాత కిటుకును పక్కన పెట్టి చూసుకోవడం తేలిక కాదు. ఆల్బమ్ పొడవు ఎక్కువ, ఒకటి రెండు చోట్ల దారి తప్పుతుంది. అయినా అతని సోలో రికార్డుల్లో ముందు వినాల్సింది ఇదే. 2023లో వచ్చిన 'ఆల్ దట్ వాజ్ ఈస్ట్ ఈజ్ వెస్ట్ ఆఫ్ మీ నౌ' మళ్లీ గట్టి గిటార్ వైపు తిరిగింది.

గ్రాఫ్టన్ స్ట్రీట్‌తో బంధం పాటతోనే ముగిసిపోలేదు. ఏటా క్రిస్మస్ ముందు రోజు అక్కడే నిలబడి పాడి, వచ్చిన డబ్బు ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేసే సైమన్ కమ్యూనిటీకి ఇవ్వడం అతను ఆనవాయితీ చేశాడు. బోనో, షినేడ్ ఓ'కానర్, హోజియర్ లాంటివాళ్లు ఒక్కో ఏడాది వచ్చి గొంతు కలిపారు. తారలు వస్తారని తెలిసి వీధి పట్టనంత జనం వస్తారు. ఆపాల్సిన అవసరం లేని జనం ముందు పాడితే అది ఇంకా బస్కింగేనా అని వాదించవచ్చు. టోపీలో పడే డబ్బు మాత్రం నిజమైనదే.

2016 డిసెంబర్‌లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. డబ్లిన్ నడిబొడ్డున అపోలో హౌస్ అనే ఖాళీ ఆఫీసు భవనాన్ని 'హోమ్ స్వీట్ హోమ్' ఉద్యమకారులు ఆక్రమించి, చలికి వణుకుతున్నవాళ్లకు పడకలు వేశారు. కార్మిక సంఘాల నాయకులు, దర్శకుడు జిమ్ షెరిడన్‌తో పాటు హాన్సర్డ్ కూడా అందులో ముందు నిలిచాడు. జనవరి 11 లోపు ఖాళీ చేయాలని హైకోర్టు ఆదేశించింది, చేశారు. చట్టం ప్రకారం అది ఆక్రమణే. కానీ బ్యాంకులు కుప్పకూలాక ఖాళీ భవనాలు ఒకవైపు, ఫుట్‌పాత్ మీద నిద్ర ఇంకోవైపు ఉన్న నగరంలో ఆ మూడు నాలుగు వారాలు ప్రభుత్వాన్ని జవాబు చెప్పాల్సిన చోట నిలబెట్టాయి. పదమూడేళ్ల వయసు నుంచి ఫుట్‌పాత్‌ని ఆఫీసుగా చేసుకున్నవాడికి అక్కడ పడుకునేవాళ్లు గణాంకాలు కారు, పక్క సీటువాళ్లు.

2023 డిసెంబర్ 8న ఐర్లాండ్‌లోని నీనా పట్టణంలోని చర్చిలో పోగ్స్ బ్యాండ్ గాయకుడు షేన్ మెక్‌గోవన్ అంత్యక్రియలు జరిగాయి. మెక్‌గోవన్ పాటల్లో అందరికీ తెలిసిన 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్'ని హాన్సర్డ్, లిసా ఓ'నీల్ కలిసి పాడారు. పీఠం ముందు జనం లేచి డాన్స్ చేశారు.  అలాంటి రోజున, అలాంటి చోట, ఏ వైపు నుంచి మొదలుపెడితే జనం లేస్తారో తెలిసిన గొంతు కావాలి.

2025లో మార్కేటాతో కలిసి స్వెల్ సీజన్ పేరుతో 'ఫార్వర్డ్' ఆల్బమ్ వేశాడు, 'స్ట్రిక్ట్ జాయ్' తర్వాత పదహారేళ్లకు. పెద్ద హాళ్లలో, మంచి సౌండ్ సిస్టమ్‌తో కచేరీలు చేసే స్థాయి వచ్చి చాలా కాలమే అయింది. అయినా ఒక పాత అలవాటు పోలేదు. కచేరీలో ఎప్పుడో ఒకప్పుడు మైక్ వదిలేసి, గిటార్ వైరు పీకేసి, స్టేజీ అంచుకు వచ్చి నిలబడతాడు. వేల మంది ఉన్నా హాల్ నిశ్శబ్దమవుతుంది. అప్పుడు గుసగుసలా మొదలుపెడతాడు, 1995 నాటి ఆ రాత్రి పాట.